నకిరేకల్ పొద్దు

మా బావ మైసయ్య దగ్గర ఒకసారి రాయి చేయించుకున్నవాళ్లు మళ్లీ ఆ సాహసం చేయరు. రాయి బాగుండక కాదు. రాయి బ్రహ్మాండంగా ఉంటుంది, అది చేతికొచ్చేలోపు మనిషికే ఓపిక మిగలదు. హైవే మీద నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ వైపు వస్తుంటే ఒక రేకుల కొట్టం, దాని ముందు వరసగా నిలబెట్టిన కంచె కడీలు, రోళ్లు, సమాధి రాళ్లు కనబడతాయి. అదే ఆయన అడ్డా. నలభై ఏళ్లుగా అక్కడ కూర్చుని నన్నూ, మా అక్క గోపమ్మనూ, వచ్చిన గిరాకీలనూ సతాయిస్తూనే ఉన్నాడు.

నా పేరు ఎల్లేష్. నకిరేకల్ బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపు నాది. బావ చదువు ఐదో తరగతితో ఆగింది కాబట్టి రాళ్ల మీదికి ఎక్కాల్సిన రాతలన్నీ ముందు నా షాపులో కాగితం మీదికి ఎక్కుతాయి. ఆ కాగితం పట్టుకుని ఆయన అడిగే ప్రశ్నలు పోలీసువాళ్లు కూడా అడగరు. ఒకసారి ఒక ముసలాయన పోతే కొడుకులు సమాధి రాయి చెక్కమని తేదీ రాసిచ్చారు. బావ తల గోక్కుని, "పోయిందేవారం?" అన్నాడు. గురువారం అన్నారు. "ఎల్లేషూ, జర నీ ఫోన్ల చూడు" అన్నాడు. ఆ తేదీకి బుధవారం పడింది. అంతే, ఉలి కింద పెట్టేశాడు. ఏడుపు మొహాలతో ఉన్న ఆ కొడుకులు పంచాయతీ ఆఫీసుకు పోయి సర్టిఫికెట్ పట్టుకొచ్చేదాకా రాయి ముట్టలేదు. చివరికి తప్పింది వారమే, తేదీ సరిగ్గానే ఉంది. వాళ్లలో చిన్నవాడు ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు, మధ్యలో నేనేం చేశానో నాకు తెలియదు.

తెలంగాణ వచ్చాక జిల్లాలు మారినప్పుడు ఇంకో తమాషా. అంతకు ముందు ఏడాదే ఒక ఊరివాళ్లకు ఊరి పేరు రాయి చేసిచ్చాడు, కింద 'నల్లగొండ జిల్లా' అని. ఆ ఊరు సూర్యాపేట జిల్లాలోకి పోయింది. సర్పంచి వచ్చి, "మైసయ్యా, జిల్లా పేరు మీద రంగు కొట్టి కొత్త పేరు రాయిపిస్తం, ఫికర్ జెయ్యకు" అన్నాడు. మామూలు మనిషయితే సరే అంటాడు. ఈయన రెండు వారాలు గిరాకీ పనులన్నీ పక్కన పెట్టి, ఎవరూ అడగకుండా ఇంకో రాయి చెక్కి, ట్రాక్టరు మాట్లాడి, తీసుకుపోయి పాతి వచ్చాడు.

"ఎందుకు బావా గీ దండుగ పని?" అని అడిగాను.

"మనిషి నోటికొచ్చినట్టు ఏమన్న మాట్లాడ్తడు. రేపటికి మర్సిపోతరు. రాయి గట్లగాదు. రాయి అబద్ధం ఆడొద్దు" అన్నాడు.

మా అక్క లోపలి నుంచి, "గా రాయికున్న మర్యాద ఇంట్ల మాకుంటె బాగుండు" అంది. ఆ నెల ఇల్లు ఎలా గడిచిందో ఆమెకే తెలుసు.

ఇంతమంది పేర్లు చెక్కిన మనిషి పేరు మాత్రం ఏ రాయి మీదా లేదు. ఆ దిగులు ఆయనకు ఉందని చాలాకాలం నాకు తెలియదు. ఒకసారి ఒక బడికి శంకుస్థాపన రాయి చేశాడు. నాయకుల పేర్లు, ఆఫీసర్ల పేర్లు, కాంట్రాక్టరు పేరు, అన్నీ నేనే టైపు చేసిచ్చాను. అన్నిటికన్నా కింద, మూలకు, బియ్యపు గింజలంత అక్షరాలతో 'మైసయ్య' అని ఆయనే చెక్కుకున్నాడు. కాంట్రాక్టరు కళ్లు చురుకైనవి. "ఇది నీ పెళ్లి పత్రికనా?" అని పదిమందిలో అడిగి, అక్కడికక్కడే గీకించాడు. బావ మారుమాట్లాడకుండా గీకేసి వచ్చాడు. ఆ రోజు అన్నం తినలేదని అక్క చెబితే తెలిసింది. అంత అవమానం మింగే మనిషి, ఒక గీత వంకర పోయిందంటే ఊరంతా పీకి పందిరి వేస్తాడు. ఆయన్ను ఎలా అర్థం చేసుకోవాలో నాకు తోచదు.

అలాంటి మనిషి దగ్గరికి రెండేళ్ల కింద అనూహ్య అనే అమ్మాయి హైదరాబాదు నుంచి కారులో వచ్చింది. బొమ్మలు గీసి, శిల్పాలు చేయించే అమ్మాయి. సముద్రపు ఒడ్డున ఒక ఊళ్లో, జనం సాయంత్రాలు తిరిగే చోట, ఒక పెద్ద రాతి శిల్పం నిలబెట్టే పని ఆమెకు వచ్చింది. మన వైపు నల్లరాయి కావాలి, చేయి తిరిగిన మనిషి కావాలి. దారిలో కొట్టం ముందున్న రోలు చూసి ఆగిందట.

శిల్పం అంటే దేవుడో నాయకుడో కాదు. నిలువెత్తు రాతి బిళ్ల, కొంచెం వెనక్కి వాలి నిలబడుతుంది. దాని పాదం కూడా అదే రాయి. బిళ్ల నడుమ ఒక ఇత్తడి కడ్డీ, దాని కొస సరిగ్గా ధ్రువ నక్షత్రం వైపు చూస్తుంది. పూర్వం పడవల మీద పోయేవాళ్లు రాత్రి ఆ చుక్కను, పగలు సూర్యుణ్ని చూసుకుని దారి తెలుసుకునేవాళ్లు కదా, దాని గుర్తుగా. బిళ్ల అంచు చుట్టూ సూర్యకిరణాలు, పైన చుక్కల గుంపులు. కడ్డీ నీడ కిందికి పడి, బిళ్ల మీది గీతల మీద గంట చెబుతుంది. అమ్మాయి కాగితం మీద సప్తర్షుల బొమ్మ చూపిస్తే బావ నవ్వి, "గివి మంచంకోళ్లు గద" అన్నాడు. ఆ అమ్మాయి అర్థం కాక నా వైపు చూసింది. "నాలుగు చుక్కలు మంచం, మూడు చుక్కలు దొంగలు. మా దగ్గర గట్లనే అంటరు మేడం" అని చెప్పాను. ఆమెకు అది చాలా నచ్చింది, పుస్తకంలో రాసుకుంది.

పోయేముందు ఒక మాట అంది. ఇన్ని కష్టాలకూ ఆ మాటే మూలం. "మైసయ్య గారూ, పాదం మీద ముందువైపు ఒక లైను పట్టేంత పట్టీ నున్నగా వదిలేయండి. అది మీ పేరుకు. అక్కడికి వచ్చాక మీ చేత్తోనే చెక్కండి. మిట్టమధ్యాహ్నం నీడ నిలువుగా కిందికి దిగి సరిగ్గా మీ పేరు వైపు చూపిస్తుంది."

కారు వెళ్లిపోయాక బావ కొట్టం వెనక్కి పోయి చాలాసేపు రాలేదు. సాయంత్రానికి మా అక్క వీధి వీధంతా చెప్పేసింది.

అమ్మాయి బొమ్మ పెద్ద కాగితంగా ఫోనుకు పంపింది. నా మిషనులో అంత కాగితం పట్టదు కాబట్టి ముక్కలు ముక్కలుగా తీసి, వరసగా పేర్చి, బ్రౌన్ టేపు వేసి అంటించి ఇచ్చాను. జనవరి నుంచి మార్చి దాకా బావ బిళ్ల దిద్దాడు, కిరణాలు చెక్కాడు, చుక్కలు తొలిచాడు. ఇక మిగిలింది గంటల గీతలు. వాటిని కాగితంలో ఉన్నట్టే సుద్దతో గీశాడు. అక్కడితో ఆగి చెక్కి ఉంటే ఈ కథే లేదు.

కానీ ఆయన మైసయ్య. అనూహ్య మాటల్లో ఒకసారి, ఎండ గడియారానికీ చేతి గడియారానికీ ఏడాదిలో కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుందనీ, ఏప్రిల్ నడుమలో మాత్రం రెండూ కలుస్తాయనీ చెప్పింది. ఆ ముక్క ఈయన బుర్రలో పాతుకుపోయింది. ఏప్రిల్ పదిహేనున బిళ్లను వాకిట్లో నిలబెట్టాడు. కడ్డీని ముందే చుక్కకు గురిపెట్టి చూసుకున్నాడు. పన్నెండింటికి షాపు మూయించి నన్ను పిలిపించాడు, ఫోనులో టైము చదవడానికి.

నా ఫోనులో పన్నెండు అయింది. నీడ ఇంకా పన్నెండు గీతకు రాలేదు. ఎండ మాడు పగలగొడుతోంది. నిలబడ్డాం. నీడ వచ్చి గీతను ముట్టేసరికి ఫోనులో పన్నెండు దాటి పన్నెండు నిమిషాలు.

"తప్పున్నది" అన్నాడు బావ.

"రేపు చూద్దాం" అన్నాను, తిండికి పోవాలని. మర్నాడూ అంతే, మూడో రోజూ అంతే. అన్ని గీతలూ అదే లెక్కన వెనకబడ్డాయి.

"కాగితం తప్పున్నది. గీతలు జరపాలె" అన్నాడు.

"బావా, ఆమె పెద్ద పెద్ద చదువులు చదివింది. ఎట్ల ఇచ్చిందో అట్ల చెక్కు. నీకెందుకు?"

"ఆమె చదివింది కాగితం. నేను నలభై ఏండ్ల సంది గీ పొద్దు కిందనే కూసున్న. ఎండ తప్పు జెప్తదా?"

"సరే, ఫోన్ జేసి అడుగుదాం."

అప్పుడు చెప్పిన మాట ఆయన తప్ప ఇంకెవరూ చెప్పరు. "వద్దురా. పిల్ల నాకు అంత మర్యాద ఇచ్చింది. నువ్వు తప్పు జేసినవ్ అని ముఖం మీద ఎట్ల అంటం? సప్పుడు జెయ్యకుంట మనమే సదిరి ఇద్దాం."

సుద్ద గీతలు చెరిపి, మూడు రోజులు ఎండలో కూర్చుని, నా చేత గంట గంటకూ టైము చెప్పించుకుని కొత్త గీతలు పెట్టాడు. పన్నెండు గీత కాగితంలో నిట్టనిలువుగా ఉండేది, ఇప్పుడు కుడివైపుకు ఒక వేలెడు ఒరిగింది. ఎందుకు ఒరిగిందని అడిగితే "పొద్దునడుగు" అన్నాడు. మే నెలంతా ఆ గీతలే చెక్కాడు. నేను ఫోటోలు పంపాను. పక్కనుంచి తీసిన ఫోటోల్లో ఆ ఒరుగు అనూహ్యకు కనబడలేదు. "అద్భుతం" అని రాసింది. బావకు చదివి వినిపిస్తే నా వైపు చూసి కళ్లెగరేశాడు, చూసినవా అన్నట్టు.

జూన్ మొదటి వారంలో లారీ ఎక్కాం. సముద్రం చూడడం ఇద్దరికీ మొదటిసారే. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన నీళ్ల వైపు ఒక్క చూపు చూసి, "గాలికి ఇత్తడి మసకవారుతది" అని క్రేను దగ్గరికి పోయాడు. బిళ్లను నిలబెట్టారు. అనూహ్య ఏదో పరికరం పెట్టి కడ్డీ గురి సరిచూసింది. పాదం చుట్టూ కాంక్రీటు పోశారు. రెండు రోజులు మబ్బు. మూడో రోజు ఎండ కాసింది. మర్నాడు పొద్దున పది గంటలకు ప్రారంభోత్సవం. అప్పటికే నేను పాదం మీది పట్టీ మీద మార్కరుతో అందంగా రాసి పెట్టాను: 'చెక్కినవారు మైసయ్య, నకిరేకల్'. భోజనాలయ్యాక చెక్కుతానన్నాడు.

"ఎల్లేషూ, టైమెంత?"

"పావు తక్కువ పన్నెండు దాటి మూడు నిమిషాలు."

చూస్తే కడ్డీ నీడ పన్నెండు గీత మీద ఉంది. ఇంకా పన్నెండు నిమిషాలుండగానే రాయి మీద మధ్యాహ్నం అయిపోయింది.

"నీ ఫోను ఖరాబైంది" అన్నాడు. పక్కనున్న క్రేను డ్రైవరును అడిగాడు. కొబ్బరిబోండాలవాణ్ని అడిగాడు. అందరి ఫోన్లూ ఒకేసారి ఖరాబు కావని ఆయనకూ తెలుసు.

అనూహ్య వచ్చి చూసింది, కొంచెం వెనక్కి జరిగి చూసింది. "పన్నెండు గీత ఎందుకు ఒరిగి ఉంది? మీరు గీతలు మార్చారా?"

"మార్చిన. మా వాకిట్ల పెట్టి చూసిన, తప్పొచ్చింది. సదిరిన."

ఆ అమ్మాయి రెండు చేతులతో తల పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుంది. కోపం ఆపుకుంటూ చెప్పింది. సముద్రం తూర్పున ఉంది. పొద్దు ముందు ఇక్కడ పొడిచి, తర్వాత మన నకిరేకల్ చేరుతుంది. గడియారం మాత్రం దేశమంతా ఒకటే. ఇక్కడ నడినెత్తికి వచ్చిన సూర్యుడు మన కొట్టం మీదికి రావడానికి ఇంకో పది పన్నెండు నిమిషాలు పడుతుంది. కాగితంలో గీతలు ఈ ఒడ్డుకు వేసినవి. నకిరేకల్‌లో తప్పు రావడమే వాటి ఒప్పు.

"కాగితం అడుగున రాశాను కదా, ఈ గీతలు ఆ ఊరి ఎండకే, ఇంకెక్కడా పరీక్షించొద్దని. చదవలేదా?"

కాగితం సంచిలోనే ఉంది. తీసి మడతలు విప్పాను. అడుగున, రెండు ముక్కలు కలిసిన చోట, నేను వేసిన బ్రౌన్ టేపు కింద నల్లగా అక్షరాల తలలు కనబడుతున్నాయి. నేను నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు.

"ఎల్లేషు చదివి ఇనిపిచ్చిండు అమ్మ. నేనే ఇనలే. వాడు వద్దన్న కొద్దీ నేనే మొండికి వోయిన."

నేను కాగితం మడిచేశాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

"బిళ్లను తిప్పలేమా?" అంది అనూహ్య. పాదం, బిళ్ల ఒకే రాయి, చుట్టూ కాంక్రీటు. తిప్పడం కుదరదని ఆమెకూ తెలుసు. చివరికి లేచి, "సరే. ఈ రోజుల్లో ఎండ చూసి టైము తెలుసుకునేదెవరు? పన్నెండు నిమిషాలు ఎవరికీ తెలియదు. మీరు పేరు చెక్కేయండి మైసయ్య గారూ" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అలసట ఉంది.

ఆమె చెప్పినట్టు చేస్తే సరిపోయేది. ఎవరు చూడొచ్చారు? నేను కాస్త టీ తాగుదామని పోయాను. తిరిగి వచ్చేసరికి నేను రాసిన మార్కరు రాతను కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాడు. ఉలి ఆడుతోంది. అప్పటికే సగం అయింది.

"బావా, ఏం జేస్తున్నవ్?"

ఒకసారి ఉలి పట్టాడంటే పిడుగు పడినా పలకడు. పొద్దు వాలేసరికి దుమ్ము ఊది లేచాడు. నున్నటి నల్లటి పట్టీ మీద ఒకే ఒక లైను: 'నకిరేకల్ పొద్దుకు చెక్కిన గీతలు. పన్నెండు నిమిషాలు తీసేసి చూడాలె.'

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నలభై ఏళ్లు. ఊరూరా ఎవరెవరివో పేర్లు. ఒక్క లైను జాగా దొరికింది బతుకులో, దాన్ని తన తప్పు చెప్పుకోవడానికి ఖర్చు పెట్టాడు. అది కూడా తన తప్పు కాదు.

అనూహ్య వచ్చి చదివింది. రెండోసారి చదివింది. "మీ పేరేదండీ?"

"జాగ సరిపోలేదమ్మ" అన్నాడు.

అంచు మీద ఎక్కడైనా చిన్నగా చెక్కమని ఆమె బతిమాలింది, నేను తిట్టాను. "అయ్యింది ఖరాబు జెయ్యొద్దు" అని ఉలులు సంచిలో వేసుకున్నాడు. మర్నాడు పెద్దలు వచ్చారు, రిబ్బన్ కత్తిరించారు, ఫోటోలు దిగారు. ఒకాయన ఆ లైను చదివి నకిరేకల్ అంటే ఏ దేశం అని అడిగాడు. అందరూ వెళ్లాక మేమిద్దరమే ఉన్నాం. సరిగ్గా నా ఫోనులో పన్నెండయ్యేసరికి నీడ తప్పు గీతను దాటి, నిట్టనిలువుగా కిందికి దిగి, పేరు ఉండాల్సిన పట్టీ వైపు చూపించింది. బావ తల ఊపాడు. "గిప్పుడు సరిగ్గున్నది" అన్నాడు.

ఇంటికొచ్చాక మా అక్క ఫోటో అడిగింది. వీధి ఆడవాళ్లంతా చేరారు. అక్క ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివి, ఫోను అటు తిప్పి ఇటు తిప్పి, "పేరేది తమ్మీ?" అంది. బావ బావి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. నేను ఇక ఆపుకోలేక టేపు సంగతీ, బావ తప్పు తన మీద వేసుకున్న సంగతీ అందరి ముందూ చెప్పేశాను. అక్క ఆయన వైపు చూసింది.

"ఏమయ్యా, వీడు చదివిండని ఆ పిల్లకు ఎట్ల జెప్పినవ్? అబద్ధం ఆడొద్దని ఊరందరికి జెప్తవ్ గదా?"

"రాయి ఆడొద్దన్న" అన్నాడు బావ తుండుతో మొహం తుడుచుకుంటూ. "నేనేమన్న రాయినా?"

అక్క లోపలికి పోయి అన్నం వడ్డించింది. ముగ్గురం కూర్చుని తిన్నాం. మర్నాడు షాపులో ఉన్న బ్రౌన్ టేపు చుట్టలన్నీ తీసి చెత్తలో పారేశాను. ఆ మధ్యాహ్నమే బావ ఏదో సమాధి రాయికి కాగితం పట్టుకొచ్చి, "పోయిందేవారమో జర చూడు" అన్నాడు.